మూడుసార్లు లాగిన తాళం

మానవజాతి తాళంకప్పను ఏనాడు కనిపెట్టిందో చరిత్రకారులు ఇంకా తేల్చుకోలేదు. వేసిన తాళాన్ని మూడుసార్లు లాగి చూడాలన్న శాసనం మాత్రం 1988లో, విశాఖ ఉక్కునగరంలో, ఒక క్వార్టరు రెండో అంతస్తున అమల్లోకి వచ్చింది. శాసనకర్త పేరు దొరబాబు. సొంతూరు ఆకివీడు, ఉద్యోగం స్టీల్‌ప్లాంటులో ఎలక్ట్రీషియన్, వాహనం ఒక స్కూటరు, ఏలుబడిలోని ప్రజలు ఇద్దరు: భార్య వెంకటరమణమ్మ, కూతురు శ్రీసత్య.

శాసనానికి మూలం ప్లాంటులోనే ఉంది. అక్కడ ఏ మరమ్మతుకైనా ముందు కరెంటు ఆపి, స్విచ్చికి తాళం వేసి, మూడుసార్లు లాగి చూసి, షట్‌డౌన్ చీటీ మీద సంతకం పెట్టాలి. లేకపోతే లోపల పనిచేసేవాడు బొగ్గవుతాడు. ఇంత గొప్ప జాగ్రత్తను గేటు దగ్గర వదిలేసి రావడం దొరబాబుకి చేతకాలేదు. ఇబ్బందల్లా ఇంట్లో చీటీ లేకపోవడం. చీటీ లేని తాళాన్ని అతని మనసు నమ్మదు. మూడుసార్లు లాగి మెట్లు దిగినవాడే, ఊరు దాటేసరికి "లాగానంటావా?" అనేవాడు.

ఈ ఒక్క ప్రశ్న ఆ కుటుంబ చరిత్రను మలిచింది. 1993లో సింహాచలం బయలుదేరి గోపాలపట్నం నుంచి వెనక్కి వచ్చారు. 1996లో బావమరిది పెళ్ళికి దువ్వాడలో రైలెక్కి కూర్చున్నాక, ఒక్కసారి తాళం చూసొస్తానని దొరబాబు దిగాడు. రైలుకి అలాంటి అలవాట్లు లేవు, వెళ్ళిపోయింది. పెళ్ళిని అతను ఫొటోల్లో చూశాడు. సర్కస్‌కి వెళితే ఏనుగు రాకముందే లేచి వచ్చేశారు. పన్నెండేళ్ళు నిండేసరికి శ్రీసత్యకి లోకంలో ప్రతిదాని మొదటి సగం తెలుసు.

ఆ పిల్ల 2001 జనవరిలో ఒక కోరిక కోరింది. కొండకర్ల ఆవలో వలస పిట్టలు తెల్లారగట్ల ఒక్కపెట్టున లేస్తాయట, అది చూడాలి. దొరబాబు ఎరిగిన ఆవ పనసపొట్టు కూరలోది. ఇది అచ్యుతాపురం వైపు, పెద్ద చిత్తడి చెరువు. తెల్లారగట్ల చూడాలంటే రాత్రి అక్కడే ఉండాలి. అంటే ఒక పూర్తి రోజు తాళానికి దూరం.

"ఉండగలరా?" అంది వెంకటరమణమ్మ.

"ఉండక. పిల్లకి మాటిచ్చాను కదే."

"అయితే తాళం మేం వేస్తాం. మీరు కింద స్కూటరు పట్టుకుని నిలబడండి."

అధికార మార్పిడి శాంతియుతంగా జరిగింది. తల్లీకూతుళ్ళు పైన తాళం వేస్తుంటే దొరబాబు కింద స్కూటరు హ్యాండిలును మూడుసార్లు లాగాడు.

బస ఏర్పాటు చేసింది తాతబాబు. పూడిమడకలో సముద్రం మీద వేటాడి, ఆ చేపలు క్వార్టర్లకి తెచ్చి అమ్మే మనిషి. పరిచయమైన రోజే అతను "బావా" అంటే, వెంకటరమణమ్మకి ఉన్నది ఒక్క తమ్ముడే కదా అని దొరబాబు వారం రోజులు ఆలోచించాడు. ఇప్పుడు తాతబాబు చెరువు గట్టున కొబ్బరితోటలో పాత తెరచాపతో డేరా కట్టి, ఆ నీళ్ళకేసి జాలిగా చూశాడు.

"కెరటవే నేదు. దీన్ని కూడా నీరంతారేటి బావా?"

రెండు తాటిమొద్దులు తొలిచి జతకట్టిన దోనె మీద తామరాకుల మధ్య తిరిగారు. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. నీలం నీటికోళ్ళు పని లేని ఆఫీసర్లలా ఇటూ అటూ నడుస్తున్నాయి. కొల్లేటి పక్కన పెరిగిన దొరబాబు ఒక్కో పిట్టనీ ఇట్టే గుర్తుపట్టాడు, కూరని బట్టి.

"అది పరజ. మిరియం ఎక్కువ పడాలి."

"నాన్నా, పాపం అవి ఎక్కడినుంచో వలసొచ్చాయి."

"మీ నాన్న కూడా వలసొచ్చినోడే గదమ్మా" అన్నాడు తాతబాబు. "మావేటి వండీసుకున్నామా?"

పొద్దు వాలింది. దొరబాబు డేరా తాళ్ళన్నీ ఒక్కోటీ మూడుసార్లు లాగాడు. తాళ్ళు అయిపోయాక స్కూటరు తాళంచెవి తీశాడు.

"ఎక్కడికి బావా?"

"పెట్రోలు పోయించుకొస్తాను."

"మీ కోటర్ల కాడ తప్ప ఇంకెక్కడా దొరకదేటి?"

"అన్నం వేళకి వచ్చేస్తానయ్యా."

వెంకటరమణమ్మ మొహం తిప్పుకుంది. భర్త ఇప్పుడు వెళితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. వెళ్ళినవాడు ఇంటి దగ్గరే కునుకు తీస్తాడు, లేదా దారిలో మళ్ళీ అనుమానమొచ్చి వెనక్కి తిరుగుతాడు. పిట్టలూ ఏనుగు జాబితాలో చేరతాయి.

శ్రీసత్య మాత్రం నోటుబుక్కులోంచి మడిచిన కాగితం ఒకటి తీసి తండ్రి చేతికిచ్చింది.

"షట్‌డౌన్ చీటీ. పరికరం: ఇంటి తలుపు. తాళం వేయబడినది. మూడుసార్లు లాగబడినది. వేసినవారు: వెంకటరమణమ్మ. లాగినవారు: శ్రీసత్య. సమయం: మధ్యాహ్నం 2.10."

కింద రెండు సంతకాలున్నాయి.

దొరబాబు పనిచేసే సెక్షన్‌లో ఒక మర్యాద ఉంది. ఒకరు లాగి సంతకం పెట్టిన తాళాన్ని మరొకరు వెళ్ళి లాగరు. లాగితే ఆ మనిషిని అబద్ధాలకోరు అన్నట్టే. ఆ కారణంగా మాటలు మానుకున్న స్నేహితులున్నారు.

అతను చీటీ రెండుసార్లు చదివాడు.

"టైము కూడా వేశావే."

"వెయ్యాలిగా నాన్నా."

చీటీ చొక్కా జేబులోకి పోయింది. తాళంచెవి తాతబాబు చేతికి పోయింది.

"ఏటి బావా, ఎల్లవా?"

"సంతకం ఉంది కదయ్యా" అని దొరబాబు చాప పరుచుకున్నాడు.

తెల్లారగట్ల మంచులోంచి ఆవ మొత్తం లేచినట్టయింది. పరజలు ఈలలేస్తూ గుంపులు గుంపులుగా నెత్తిమీదుగా పోయాయి. వెంకటరమణమ్మ చేతులెత్తి దండం పెట్టింది, ఎవరికో ఆమెకీ తెలియదు. దొరబాబు మిరియాల ప్రసక్తి తేలేదు. ఆఖరి పిట్ట కొండ వెనక్కి పోయేదాకా శ్రీసత్య కదల్లేదు. ఆ పిల్ల చూసిన మొట్టమొదటి రెండో సగం అదే.

మధ్యాహ్నానికి ఇల్లు చేరారు. ముందుగా దొరబాబు మెట్లెక్కాడు. పని ముగిసి చీటీ వెనక్కి ఇచ్చేటప్పుడు లాగి చూడటం తప్పు కాదు గనక మూడుసార్లు లాగాడు. తాళం గట్టిగానే పడింది. కాకపోతే దాన్ని ఉత్త కొండీకే వేశారు, గడియ అందులోకి జరపనే లేదు. తలుపు నిన్నటినుంచీ తీసే ఉంది.