మొదటి గంటె మేస్త్రికే

మా మేస్త్రి పోయాడు. శుక్రవారం పొద్దున రియాద్‌లోని మా క్యాంపు గదిలో చాయ్ ఇద్దామని లేపితే లేవలేదు. పని ముగించుకుని దేశం వదిలి వెళ్లే ఫైనల్ ఎగ్జిట్ వీసా వచ్చి, పెట్టె సర్దుకుని, ఇంటికి బయలుదేరాల్సిన మనిషి. ఇంతలో చుట్టుపక్కల యుద్ధమొచ్చి విమానాలు ఆగాయి. ఆయనా ఆగిపోయాడు. ఇప్పుడు మార్చురీలో పడుకుని అవే విమానాల కోసం చూస్తున్నాడు. రాస్తుంటేనే ఒళ్లు మండుతోంది.

ఆయనది జగిత్యాల వైపు. కట్టడాలకు సెంట్రింగు, అంటే శ్లాబు కింద ఊతగా నిలిపే చెక్కలు, కొట్టించేవాడు. మా గదికీ ఆయనే పెద్ద. వంట వంతులవారీగా ఎవరం చేసినా, వడ్డించే గంటె మాత్రం ఆయన చేతిలోనే. కింద పేపరు పరిచి, నడుమ అన్నం గిన్నె పెట్టుకుని కూర్చోగానే ఎవడో ఒకడు ఫోన్‌లో వార్తలు పెట్టేవాడు. ఇక మొదలు! చమురు ధర పడి పని ఆగితే తప్పు అమెరికా ప్రెసిడెంటుది, ఊళ్లో ఉల్లిగడ్డ పిరమైతే మన ప్రధానిది. బస్సు నడిపే పాకిస్తానీ భాయ్ వచ్చిన రోజు "సారా కసూర్ ఉసీ కా హై", తప్పంతా వాడిదేనంటూ అతనూ ఓ చెయ్యి వేసేవాడు.

మేస్త్రి మమ్మల్ని కడుపారా తిట్టనిచ్చి, ఖాళీ ప్లేటులో ఒక గంటె అన్నం పెట్టేవాడు.

"ఇగో, తప్పుల గిది ప్రెసిడెంటు వాటా. దేశానికి ఆయన మేస్త్రి. సెంట్రింగు కూలితె మొదటి గంటె మేస్త్రికే, తప్పించుకుంటనంటె నడువది. గని గిన్నె మొత్తం ఆయనకే పెడ్తరా? నట్టు బిగించనోనికి? చూసీ చూడనట్టు పోయినోనికి వాటా లేదా?"

మెప్పుకూ అదే లెక్క. రియాల్ రేటు పెరిగిందని నేను ప్రధానిని పొగిడితే నవ్వాడు. "నీకు రేటు పెరిగితె ఊళ్లె నీ తల్లికి నూనె పిరమైతదిరా. రెండూ ఆయన పద్దులనే రాయి."

నాకా లెక్క నచ్చేది కాదు. పైన కూర్చున్నవాణ్ని అంత తేలిగ్గా వదిలేస్తారా అని ఎగిరేవాణ్ని. ఒకసారి ఆయన కొట్టించిన పలక జారి ఒకతని కాలు విరిగింది. ఇంజనీరు నోరు తెరవకముందే వెళ్లి "జిమ్మేదార్ మై హూఁ" అని బాధ్యత తన మీద వేసుకున్నాడు. పుచ్చిన చెక్క పంపారని కంపెనీతో కొట్లాడింది ఆ తర్వాతే. అలాంటి మనిషిని ఇంకెక్కడ చూస్తాను?

విమానాలు లేక ఇంకా పనికే వస్తున్నవాడు, గురువారం పనిలో ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు. సూపర్‌వైజరు గ్యాస్ అన్నాడు. గదికొచ్చాక మేమూ గ్యాసేనన్నాం. సోడా తాగించి పడుకున్నాం.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన భార్య ఫోన్ చేసింది.

"పెట్టె సదురుకున్న అన్నడు గద తమ్మీ. గిది ఎవల తప్పు?"

ప్రెసిడెంటుదే అక్కా అని నోటిదాకా వచ్చింది.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చున్నాం. "యుద్ధం పెట్టినోడే మేస్త్రిని సంపిండు" అన్నాడొకడు. అందరూ అవునన్నారు. వంట వంతు నాది కాబట్టి గంటె నేనే తీసుకున్నాను. ఖాళీ ప్లేటులో మొదటి గంటె ప్రెసిడెంటుకు పెట్టాను, నిండుగా, ఏ మాత్రం జాలి లేకుండా. రెండోది సూపర్‌వైజరుకు. గిన్నెలో ఇంకా చాలా అన్నం ఉంది, గ్యాసేనన్న మా వాటా. గంటె పట్టుకుని అందరి వంకా చూశాను. ఎవరూ ప్లేటు ముందుకు జరపలేదు. నాది కూడా నా పక్కన బోర్లించే ఉంది.