గురువుగారు ‘పాడు’ అన్నారు

మా దీవిలోని చెరకు ఎస్టేటులో పనివాళ్ళ ఇళ్ళ వరస చివర గడ్డి కప్పిన పాక ఒకటుండేది. సుయాక్ రేవు వైపు నుంచి వచ్చే సముద్రపు గాలికి దాని తలుపు ఎప్పుడూ టపటపా కొట్టుకునేది. సాయంత్రం పెద్దవాళ్ళు పని దిగాక అందులో తెలుగు బడి నడిచేది. పగలు మేం వెళ్ళే సర్కారు బడిలో ఇంగ్లీషూ, ఫ్రెంచీ చెప్పేవారు. ఇంట్లో, వీధిలో ఫ్రెంచి విరిగి పుట్టిన క్రియోల్ భాషే. తెలుగంటే నాకు నానమ్మ దండాలూ, తిట్లూ, అంతే.

ఆ పాకలో కూర్చోవాలని నాకు పట్టుదల పుట్టింది. గొప్ప కారణమేమీ లేదు. మా అన్న అక్కడ నేర్చుకున్న అక్షరాలు గుమ్మం ముందు మట్టిలో రాసి, నేను చూడబోతే కాలితో చెరిపేసేవాడు. నాకు ఒళ్ళు మండేది. "నేనూ పోతాను" అని నాన్న దగ్గర రోజూ సణిగాను. ఆడపిల్లలెవరూ అప్పటికి వెళ్ళేవారు కాదు. నానమ్మ ససేమిరా అంది. చివరికి నాన్నే విసిగిపోయి, "గురువుగారు కూర్చోమంటే కూర్చో. లేదంటే ఇంక ఆ మాట ఎత్తకు" అన్నాడు.

గురువుగారు మా రామభజనలో ముందు పాడే పెద్దాయన. పగలు చెరకు బళ్ళు తోలేవారు. ఆయన బడికి ఒకటే నియమం. చేరేవాళ్ళు ముందు భజనలోని ఒక పంక్తి పాడాలి, ఆ తర్వాతే చాప మీద కూర్చోవాలి. నాకు ఆ పాటలన్నీ వచ్చు. దీపం చుట్టూ తిరిగే పెద్దవాళ్ళ వెనకాల చిన్నప్పట్నుంచీ తిరిగినదాన్నే కదా!

ఆ సాయంత్రం పాకలో నాన్న నన్ను ముందుకు తోశాడు. గురువుగారు చూసి, "పాడు" అన్నారు.

మా చెవులకి ‘డ’కీ ‘ద’కీ తేడా తెలీదు. నాకు వినిపించింది క్రియోల్ మాట, పా దూ. తియ్యగా లేదు, అని. ఇంకా నోరైనా విప్పలేదే, అప్పుడే తియ్యగా లేదంటాడా! పైగా నానమ్మ నోట ఆ మాట వచ్చేది ‘పాడు పిల్ల’ అని నన్ను తిట్టేటప్పుడే. ఎటు చూసినా తిట్టే. పళ్ళు బిగించాను. ఆయన మళ్ళీ "పాడు" అన్నారు, గట్టిగా. నేను ఇంకా గట్టిగా బిగించాను.

"పిల్లకి ఇష్టం లేనట్టుంది. తీసుకుపో" అన్నారు నాన్నతో. చాప మీద మా అన్న పకపకా నవ్వాడు.

ఇంటికొచ్చి నానమ్మ మీద విరుచుకుపడ్డాను. "నేను పాడకముందే పా దూ అన్నాడు మీ గురువు!"

నానమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "ఓసి పిచ్చిదానా, పాడు అంటే క్రియోల్‌లో సాంతే! నిన్ను పాట పాడమన్నాడే!"

సిగ్గుతో చచ్చిపోయాను. మళ్ళీ తీసుకెళ్ళమని నాన్నని అడిగితే, ఆ మాట ఎత్తొద్దన్నాను కదా అన్నాడు. సరే, ఎత్తలేదు. మర్నాడు సాయంత్రం ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే పాకకి నడిచాను. పిల్లలంతా పలకల మీద దిద్దుతున్నారు. గురువుగారు తలెత్తి చూశారు.

"గురువుగారూ, నాకు పాడు చెప్పు" అన్నాను. నాకొచ్చిన తెలుగంతా కూడగట్టుకుంటే అంతే అయింది.

ఆయనకి ఏం అర్థమైందో తెలీదు. "పాడు" అన్నారు మెల్లగా.

ఒక పంక్తి కాదు, పాటంతా పాడాను. మధ్యలో ఆయన చాలు చాలన్నా ఆపలేదు. అయ్యాక ఆయన మా అన్నని పక్కకి జరగమని నాకు చోటు చూపించారు. ఆ చాప గరుకు ఇప్పటికీ నా కాళ్ళకి గుర్తే.

గురువుగారికి చూపు మందగించాక, మా దీవికి స్వతంత్రం, కొత్త జెండా వచ్చిన ఏడాది, ఆ పాక నా చేతికొచ్చింది. మొదటి సాయంత్రం ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. నియమం సంగతి ఇంట్లో చెప్పే తెచ్చినట్టుంది, ఆ పిల్ల పెదాలు బిగించుకుని నా వంక కోపంగా చూసింది.

"ముందు కూర్చో" అన్నాను. "పాట తర్వాత."