రాణి కాలు గడప లోపల

నా చిన్నప్పుడు సిరిసిల్లలో మా పక్కింటి అక్క నర్సు పని చేసేది. వాళ్లింటి ముందరి గదిలో రంగులతో గీసిన పెద్ద పటం ఉండేది. తల మీద కిరీటం, ఒంటి నిండా నగలతో ఒక రాణి. ఎదురుగా సింహాసనం మీద రాజు.

ఏడో తరగతి పాసైన నన్ను ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టే పనిలో పెట్టాలని మా బాపు నిర్ణయించాడు. పెద్దబడిలో చేరడానికి మరునాడే ఆఖరు రోజు. ఆ సాయంత్రం అక్క ఇంట్లో కూర్చుని ఆ పటాన్నే చూస్తున్నాను.

“పెండ్లిపిల్లనా అక్కా?”

“బైబిల్ల ఎస్తేరు రాణి. నగలు కాదు, కాళ్లు సూడు.”

ఒక కాలు గడప బయట, ఒకటి లోపల. కట్టుకున్న రాణి అయినా సరే, రాజు పిలవకుండా లోపలికి పోతే చావే శిక్షట. ఆయన బంగారు దండం చాపితేనే ప్రాణం దక్కుతుంది. తనవాళ్లందరినీ చంపమని ఉత్తర్వు వెలువడితే, ఆపమని అడగడానికి ఆమె వచ్చిందని అక్క చెప్పింది. నేను పటాన్ని మళ్లీ పరీక్షగా చూశాను.

“దండం ఇంకా రాజు ఒళ్లోనే ఉన్నది కద.”

“ఉన్నది. ఆమెకు అది కనవడుతలేదా? అయినా కాలు లోపల వెట్టింది. నువ్వు మీ బాపును అడిగినవా?”

“మగ్గం మీదున్నప్పుడు పలకరియ్యద్దు.”

“దిగినంక?”

“తిని పంటడు.”

“మరెప్పుడు అడుగుతవ్, పెండ్లయినంకనా?”

మగ్గం నడుస్తుంటే బాపును కదిలించకూడదన్నది మా ఇంటి కట్టుబాటు. మధ్యలో ఆగితే, మళ్లీ మొదలుపెట్టిన చోట బట్ట మీద సన్నని గీత పడుతుంది. షావుకారు ఆ బట్ట తీసుకోడు. అన్నీ తెలిసే నేను లేచి ఇంటికి వెళ్లి, నేరుగా తువ్వాల నేస్తున్న బాపు మగ్గం ముందు నిలబడ్డాను. దారంతో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆగింది.

“ఏంది బిడ్డా, ఎవలన్న అచ్చిండ్రా?”

“ఎవలు రాలే బాపూ. రేపే ఆఖరు. నన్ను పెద్దబడిల చేర్పియ్యి.”

“ఆపితె గీత పడుతదని తెల్వదా?”

“తెలుసు.”

“తెలిసే అచ్చినవా?”

“తెలిసే.”

బాపు బట్ట వైపు చూశాడు, నా వైపు చూశాడు.

“పొద్దుగాల పోదాం. ఇగ నన్ను నెయ్యనియ్యి.”

ఆ తువ్వాల అమ్ముడుపోలేదు. నా పెట్టెలో ఉంది, వెలుతురుకు పట్టి చూస్తే గీత ఇప్పటికీ కనిపిస్తుంది. ఈ వయసులో కూడా ఏ పెద్దమనిషి గుమ్మం ముందైనా మొదట నా కాళ్ల వైపే చూసుకుంటాను. ఒకటి లోపల పెట్టాకే మాట మొదలుపెడతాను.