పెద్దసారు కారు గాడి తప్పింది

డెబ్బైల మొదట్లో నేను పటేల్‌గూడ దగ్గరి ఒక పెద్ద కర్మాగారంలో రాగితీగ చుట్టే సెక్షన్‌లో పనిచేసేవాణ్ణి. మేం చుట్టిన చుట్టలు బిగించిన యంత్రాలతో దేశంలో ఊళ్లకు ఊళ్లు వెలుగుతున్నాయని పెద్దలు వచ్చినప్పుడల్లా ఉపన్యాసాల్లో చెప్పేవారు. మా క్వార్టర్లలో మాత్రం సాయంత్రం ఏడింటికి కరెంటు పోయేది. ఉపన్యాసాలు పొద్దున పూట పెట్టేవారు గనుక ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

కొత్త యంత్రాలు బిగించడానికి ఆ రోజుల్లో యూరప్ నుంచి ఒక ఇంజనీరు వచ్చి ఉండేవాడు. ఒకసారి ఆయన బంగళాలో సీలింగ్ ఫ్యాను కాలిపోయింది. దాన్ని బాగుచేయించాలంటే మూడు సంతకాలు కావాలి. అందులో రెండో సంతకం చేయాల్సినాయన సెలవు మీద ఉన్నాడు. చెమటలు కక్కుతూ నాలుగు రోజులు ఓపిక పట్టి, అయిదో రోజు ఆయన నేరుగా మా సెక్షన్‌కు వచ్చి నా చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు.

ఫ్యాను విప్పుతూ నిచ్చెన మీంచి కిందికి చూస్తే, గచ్చు మీద ఎనిమిది అంకె ఆకారంలో నల్లటి బాట, దాని మధ్యలో సన్నని గాడి కనిపించాయి. గాడి మీద వేలెడంత కార్లు రెండు నిలబడి ఉన్నాయి. ఆయన బాటకు తీగతో కలిపిన తుపాకీ పిడిలాంటిది ఒకటి నా చేతికిచ్చి మీటను బొటనవేలితో నొక్కమన్నాడు. నొక్కాను. కారు రివ్వున పోయి మొదటి మలుపులోనే గాడి నుంచి ఎగిరి సోఫా కిందికి దూరింది. నేను భయపడ్డాను, ఆయన పడిపడి నవ్వాడు. ఇద్దరికీ కలిపి ఇరవై ఇంగ్లీషు మాటలు వచ్చేవేమో. ఆ సాయంత్రం వాటిలో అయిదారు కూడా అవసరం పడలేదు. ఫ్యాను సంగతి మర్నాటికి వాయిదా పడింది. ఏడాది తర్వాత తన దేశం వెళ్లిపోతూ ఆయన ఆ కార్లనూ బాటనూ పెట్టెలో సర్ది నాకే ఇచ్చేశాడు.

ఇంటికి తెచ్చి మూత తీస్తే మా ఆవిడ ముందు కార్లను చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆమెది రుద్రారం, వ్యవసాయం చేసే ఇల్లు. పనికిరాని వస్తువు ఇంట్లో ఉండటమంటే ఏమిటో ఆమె ఎరగదు.

"ఏందయ్యా గిది?"

"గాడిల నడిసే కారు."

"గాడిల నడిసే గాడీనా? మనం ఎక్కేతందుకు వస్తదా?"

"రాదు."

"మరి ఎందుకు?"

నేను బాటను గచ్చు మీద పరిచి తీగలు కలిపాను. మీట ఆమె చేతికిచ్చాను. ఆమె కారును మలుపు దాకా తీసుకుపోయి, వేలు సడలించి, మలుపు దాటాక మళ్లీ నొక్కింది. కారు పడలేదు. "గింతేనా?" అని మీట కింద పెట్టి బియ్యం ఏరడానికి వెళ్లిపోయింది. నేను ఆ మలుపు పడకుండా దాటడం నేర్చుకోవడానికి వారం పట్టింది.

రెండు కార్లతో ఆగుదామనుకున్నాను, ఆగలేదు. సెలవు దొరికిన గురువారమల్లా బస్సెక్కి హైదరాబాదు జుమేరాత్ బజారుకు పోయేవాణ్ణి. నవాబుల పాత దేవిడీల నుంచి వచ్చిన విదేశీ సామాను అక్కడ నేల మీద గుట్టలు పోసి అమ్మేవారు. విరిగిన గ్రామఫోన్ల మధ్య అప్పుడప్పుడు ఇలాంటి కారు దొరికేది. ఒకదానికి చక్రాలుండవు, ఇంకోదానికి మోటారు కాలిపోయి ఉంటుంది. దుకాణం పెద్దమనిషి మాత్రం ప్రతిదాన్నీ "అసలీ విలాయతీ మాల్" అంటూ రెండు చేతులతో అందించేవాడు. చిటికెన వేలి గోరంత ఆ మోటార్లకు వెంట్రుకలాంటి తీగ చుట్టడం నా పని. పగలు కర్మాగారంలో మనిషి ఎత్తు చుట్టలు చుట్టి, ఇంటికొచ్చి కళ్లద్దాలు తుడుచుకుని వీటి ముందు కూర్చునేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి ఏడు కార్లయ్యాయి. ఆకుపచ్చ రేసుకారులో డ్రైవరు బొమ్మకు తల లేకపోతే మా ఆవిడ లక్కతో తల చేసి పెట్టింది. ఆ తలకు మా మేస్త్రీ పోలికలు వచ్చాయి. అది అనుకోకుండా జరిగిందని ఆమె ఇప్పటికీ అంటుంది.

ఏడు కార్లకు ఆ చిన్న బాట చాలలేదు. విదేశీ యంత్రాలు వచ్చిన పెట్టెల చెక్కను వేలంలో కొని, రంపంతో గాడులు కోసి, కార్లకు కరెంటు అందడానికి గాడికి రెండు పక్కలా రాగి రేకు అంటించాను. అయిదు మలుపులతో ముందు గది మొత్తం నిండిపోయింది. చుట్టాలు వస్తే వంటింటి తలుపు నుంచి రమ్మనేవాళ్లం. మా నాన్న సంగారెడ్డిలో బడిపంతులు, ఆదివారాలు చర్చిలో వాక్యం చదివే మనిషి. ఆయన వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మనుషులు కూసునేతందుకు జాగ లేదు గానీ కార్లకు రోడ్డేసినవ్ బిడ్డా" అన్నాడు. కాసేపు చూసి, "మంచిగనే ఏసినవ్. ఒక్క గుంత లేదు. మా సంగారెడ్డి రోడ్డు గూడ నీకే అప్పజెప్పమని దరఖాస్తు పెడ్త" అన్నాడు. తర్వాత చెప్పులు విడిచి లోపలికొచ్చి, మీట ఎక్కడుందని అడిగాడు.

ఇలా మా మానాన మేముండగా నేనొక తప్పు చేశాను. కొత్తగా చుట్టిన మోటారును మా సెక్షన్ మీటరుతో ఒక్కసారి చూసుకుందామని అది బిగించిన ఎర్ర కారును టిఫిను డబ్బాలో పెట్టుకుని లోపలికి తీసుకుపోయాను. షిఫ్టు దిగి వస్తుంటే గేటు దగ్గర జవాను డబ్బా మూత తీయించాడు. పట్నా నుంచి వచ్చి కొత్తగా చేరిన మనిషి.

"యే క్యా హై?"

"కారు."

"గాడీ? గాడీ కా గేట్‌పాస్ కిధర్ హై?"

బండికి పాసు లేదని వాళ్ల పైఅధికారిని పిలిచాడు. ఆయన పటాలంలో పనిచేసి వచ్చినాయన, మీసాలు గేటు కంటే పెద్దవి. రిజిస్టరు తెరిచాడు. బయటికి పోయే వాహనాల పేజీలో నంబరు రాయాలి. నంబరు లేదన్నాను. నంబరు లేని బండి నడపడం నేరమన్నాడు.

"ఇది రోడ్డు మీద నడవది సార్. గాడిల నడుస్తది."

"గాడీ గాడీల ఎట్ల నడుస్తది? నాతోని మజాక్ చేస్తున్నవా?"

నా వెనక షిఫ్టు దిగిన మనుషులు షెడ్ల దాకా నిలబడ్డారు. ఇందులో పెద్ద చిక్కు మరొకటి ఉందని ఆయనే కనిపెట్టాడు. ఈ కారు లోపలికి వచ్చినట్టు ఎక్కడా రాసి లేదు. లోపలికి రాని కారు బయటికి ఎలా పోతుంది? అంటే లోపలే తయారై ఉండాలి. కర్మాగారంలో దొంగతనంగా కారు తయారైందని మర్నాటికి నా మీద ఫైలు మొదలైంది.

ఆ ఫైలు పరిపాలన అధికారి దగ్గరికి వెళ్లింది. ఇస్త్రీ మడత నలగకుండా నడిచే మనిషి ఆయన. నేను చెప్పింది నమ్మక, స్వయంగా తనిఖీ చేస్తానని ఒక శనివారం మధ్యాహ్నం మా క్వార్టరుకు వచ్చాడు. మొదట నిలబడి చూశాడు. తర్వాత వంగి చూశాడు. పది నిమిషాలకు ప్యాంటు మడత సంగతి మరిచిపోయి నేల మీద బోర్లా పడుకుని, "ఇంకొక్క రౌండు, ఇంకొక్కటే" అంటున్నాడు. మూడు టీలు తాగి వెళ్లాడు. 'సదరు వాహనం ప్రయాణికులకు పనికిరాదు, కావున ఆక్షేపణ లేదు' అని నివేదిక రాశాడు.

అక్కడితో వదిలితే బాగుండేది. కానీ ఆయన కర్మాగారం క్లబ్బుకు కార్యదర్శి కూడా. ఆ ఏటి వార్షికోత్సవంలో ఈ కార్లతో పందెం పెట్టాలని నిర్ణయించి ఒక కమిటీ వేశాడు. కమిటీలో ఎనిమిది మంది, అందులో కారు నడపడం తెలిసినవాళ్లెవరూ లేరు. నాలుగు గాడుల బాట కట్టమని నన్ను పురమాయించి వాళ్లు నియమాలు రాసే పనిలో పడ్డారు. లోపలి గాడి దగ్గరి దారి గనుక అది కర్మాగారం పెద్దసారుకు. ఆ తర్వాతి గాడులు సీనియారిటీ ప్రకారం. ఎర్ర కారు పెద్దసారుది. రిహార్సలు రోజున కార్యదర్శి ఆటగాళ్లను పక్కకు పిలిచి చెప్పాడు.

"పెద్దసారు ముందుండాలె. ఎంత ముందు అన్నది మీ మీ విచక్షణ."

గెలిచినవారికి ఇచ్చే కప్పు మీద పెద్దసారు హోదా ముందే చెక్కించి తెచ్చారు.

ఆ రోజు క్లబ్బు హాలు నిండిపోయింది. తీరా మొదలుపెట్టే వేళకు నాలుగో ఆటగాడు రాలేదు. లెక్కల విభాగం పెద్ద ఆయన, కడుపులో మంటని కబురు పంపాడు. పడిపోయిన కార్లను తీసి గాడిలో పెట్టడానికి మా ఆవిడ బాట పక్కన నిలబడి ఉంది. పెద్దసారు గుంటూరు వైపు మనిషి, మర్యాద తెలిసినాయన.

"ఏమ్మా, ఆ నాలుగోది మీరు పట్టుకోండి. ఖాళీగా ఉంటే బాగోదు కదా" అన్నాడు.

పెద్దసారే అన్నాక కాదనడానికి నియమాల్లో వీలు లేదు. ఆమెకు విచక్షణ గురించి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి కార్యదర్శి రెండడుగులు వేశాడు గానీ అప్పటికే ఈల మోగింది.

మొత్తం పది చుట్లు. పెద్దసారు మీటను మొదటే అడుగంటా నొక్కాడు. నొక్కి ఉంచితే పనులవుతాయన్నది ఆయన ముప్పై ఏళ్ల అనుభవం. ఎర్ర కారు మలుపులో తిరగకుండా నేరుగా పోయి ముందు వరసలో డాక్టరుగారి భార్య ఒళ్లో పడింది. వెంటనే మిగతా ఇద్దరు అధికారులు వేళ్లు తీసేశారు. వాళ్ల కార్లు పెద్దసారు కోసం వినయంగా ఆగిపోయాయి. కారును తెచ్చి పెట్టారు. ఆయన మళ్లీ అడుగంటా నొక్కాడు. మళ్లీ ఎగిరింది. వాళ్లు మళ్లీ ఆగారు. ఈలోగా లక్కతల డ్రైవరున్న ఆకుపచ్చ కారు ఒక్కటే, ఎవరి కోసమూ ఆగకుండా, మలుపు దగ్గర కొంచెం తగ్గి, దాటగానే జోరందుకుని తిరుగుతూనే ఉంది. నేను కళ్లతో సైగ చేశాను. ఆమె బాటనే చూస్తోంది.

"అయిపోయినయ్. పది" అంది, మీట కింద పెట్టి.

హాలులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెద్దసారు మొహం వైపు చూసి కొడదామని అందరూ ఆగారు. ఆయన మొహంలో ఏమీ తెలియలేదు, ఆమె బొటనవేలినే చూస్తున్నాడు. కార్యదర్శి మైకందుకుని, సాంకేతిక కారణాల వల్ల పందెం ఫలితం పరిశీలనలో ఉందనీ, ప్రోత్సాహక బహుమతిగా కప్పును పెద్దసారుకు అందజేస్తున్నామనీ ప్రకటించాడు. అప్పుడు చప్పట్లు బ్రహ్మాండంగా పడ్డాయి.

మూడో రోజు నాకు కాగితం అందింది. 'పోటీ నియమావళిని మీ భార్యకు ముందుగా ఎందుకు తెలియపరచలేదో సంజాయిషీ ఇవ్వవలెను.' క్లబ్బులోని బాటను భద్రతా కారణాల మీద గదిలో పెట్టి తాళం వేశారు. సంజాయిషీ ఏం రాయాలో తెలియక ఆమెనే అడిగాను.

"చెప్పినా ఇనకపోతుండె అని రాయి. నిజమే గద" అంది.

అలాగే రాసి ఇచ్చాను.

తర్వాతి ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు ఒకాయన నిలబడి ఉన్నాడు. హవాయి చెప్పులు, చేతిలో గుడ్డ సంచి. పెద్దసారని గుర్తుపట్టడానికి నాకు కొంత సమయం పట్టింది. జీపు లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. నేను సంజాయిషీ గురించి నసుగుతుంటే చెయ్యి ఊపి ఆపేశాడు.

"అమ్మా, ఆ మలుపు దగ్గర మీరేం చేశారో నాకు చెప్పాలి" అన్నాడు.

మా ఆవిడ ఆయన్ని వంటింటి దారిన లోపలికి తీసుకొచ్చి, నేల మీద చాప వేసి మీట చేతికిచ్చింది.

"మూల కాడ ఏలు తియ్యుండ్రి సారూ."

"తీస్తే ఆగిపోతుంది కదమ్మా?"

"ఆగది. ఉన్న జోరుతోని అదే పోతది. మీకు దాని మీద నమ్మకం లేదు, గంతే."

ఆమెను ఆపాలని నేను గట్టిగా దగ్గాను. ఆయన మాత్రం తలూపి, మళ్లీ నొక్కాడు. కారు మళ్లీ పడింది. ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు పడిందో, అన్నిసార్లూ ఆయనే లేచి, గోడ మూలకు పోయి, ఒంగి తెచ్చుకున్నాడు. ఆయన కోసం ఆగినవాళ్లెవరూ లేరు.

అప్పటినుంచి ఆదివారాలు వచ్చేవాడు. ఇంద్రేశం వైపు నడకకని ఇంట్లో చెప్పి బయల్దేరేవాడట. విచిత్రమేమిటంటే, ఆదివారం మా ఇంట్లో టీ తాగిన ఆ మనిషే సోమవారం, నా సంజాయిషీ సంతృప్తికరంగా లేదని రెండో కాగితం మీద సంతకం పెట్టాడు. ధైర్యం చేసి అడిగాను.

"అది ఫైలయ్యా. నా బల్ల మీదికి వస్తే సంతకం పెడతాను. చదివితే పెట్టలేను" అన్నాడు, కొంచెం సిగ్గుపడుతూ.

ఏడెనిమిది నెలలకు ఆయనకు ఢిల్లీ బదిలీ వచ్చింది. వెళ్లేముందు ఆదివారం చివరి పందెం పెట్టుకున్నారు. అన్నాళ్లలో ఆయన ఆమె మీద ఒక్కసారీ గెలవలేదు. ఆ రోజు గెలిచాడు. ఆమె కారు వెనక చక్రాలు మలుపుల్లో జారుతూ వచ్చాయి, ఆయనది గాడిని అంటిపెట్టుకుని పోయింది. ఆయన లేచి నిలబడి, యాభై దాటిన మనిషి, రెండు చేతులూ జోడించి ఆమెకు దండం పెట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కప్పు అందుకున్నప్పుడు ఆ మొహం అలా లేదు.

ఆయన్ని రోడ్డు దాకా సాగనంపి వచ్చాను. పోయే మనిషి కదా అని కావాలనే ఓడిపోయిందేమోనని నా అనుమానం. మంచి పని చేశావని మెచ్చుకోబోయాను. ఆమె ఆకుపచ్చ కారును తిరగేసి నా ముందు పెట్టింది.

"టైరు రబ్బరు రాయి లెక్క గట్టివడ్డది. సూస్కోవాల్నా వద్దా? రోజూ దాని ముంగటనే కూసుంటవ్ గద!"

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నేను షిఫ్టు నుంచి వచ్చేసరికి పాత సైకిలు ట్యూబును ఉంగరాల్లా కత్తిరించి ఏడు కార్లకూ తనే టైర్లు వేసుకుంటోంది. ఆ గురువారం జుమేరాత్ బజారుకు బస్సులో ఇద్దరం వెళ్లాం. కిటికీ పక్క సీటు ఆమెది.