మిక్చరు పాదాలకు నూనె

మా చిన్నప్పుడు... తిరువళ్ళూరులో ఇల్లు మారిన ప్రతిసారీ సామానంతా మినీ వ్యాను వెనక, పిల్లి మాత్రం ముందు సీట్లో అమ్మ ఒళ్ళో. వైరు బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కట్టి, దారంతా "అయిపోయిందిలే... అయిపోయిందిలే..." అంటూనే ఉండేది అమ్మ.

పిల్లి పేరు మిక్చరు. నలుపు, తెలుపు, కావిరంగు అన్నీ కలిసిన ఆడపిల్లి. ఇంటి ముందు లారీల భయం కాబట్టి దాన్ని గడప దాటనిచ్చేవాళ్ళం కాదు.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా... మా ఇంట్లో ఆ పని అమ్మది. ఒక ఇంటాయన కొడుక్కి పెళ్ళని ఖాళీ చేయమనేవాడు, ఇంకొకాయన మేడ కట్టాలని. నాన్నకు గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో పని, ఆదివారాలే ఇంటికి వచ్చేవాడు. కంపెనీలో ప్యాకింగ్ పని, వంట, ఇల్లు వెతకడం, మూటలు కట్టడం, విప్పడం... అన్నీ అమ్మే. నిలబడే కునుకు తీసేది. చూసి నేను నవ్వేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే నవ్వు రాదు.

నేను మూడో క్లాసులో ఉండగా రైల్వే గేటు దగ్గరి ఇల్లు వదిలి, రెండు వీధులు ఇవతలికి మారాం. అప్పుడు అత్తిమంజేరిపేట నుంచి మా అవ్వ, అంటే అమ్మ వాళ్ళమ్మ, సాయానికి వచ్చింది. పిల్లి పాదాలకు నెయ్యి రాసి పొయ్యి చుట్టూ తిప్పితే పాత ఇల్లు మర్చిపోతుందని అవ్వ నమ్మకం.

"నెయ్యి యాడుందిమా? సెనక్కాయ నూనె రాస్తే సాలదా?" అంది అమ్మ.

"నేను సెప్పింది నెయ్యి. ఇంక నీ ఇష్టం" అంది అవ్వ.

గ్యాసు స్టవ్వు గోడకు ఆనుకుని ఉంది, చుట్టూ ఎలా తిప్పుతుంది పాపం... అమ్మ నూనె రాసి, హారతి పళ్ళెంలా పిల్లినే స్టవ్వు ముందు తిప్పింది. డ్యూటీ నుంచి రాగానే రోజూ ఇదే పూజ.

ఒక మధ్యాహ్నం నీళ్ళ క్యాను తెచ్చే అన్న తలుపు తీసిన సందులో మిక్చరు తుర్రుమంది. ఆ సంగతి బడిలో ఉన్న నాకు తెలియదు. సాయంత్రం బడి వదిలాక ఏదో ఆలోచనలో నడుచుకుంటూ నేరుగా... పాత ఇంటికే పోయాను. గేటుకు ఎవరిదో తాళం. అది చూశాక గానీ గుర్తు రాలేదు, ఇది మాది కాదని. ఏడుపొచ్చేసింది. తల ఎత్తితే కాంపౌండు గోడ మీద మిక్చరు! అది కూడా ఆ మూసిన తలుపు వైపే చూస్తోంది.

పిలిచాను. నా వైపు దూకబోయింది. నూనె కాళ్ళు కదా... జారింది. గోడ మీద గుచ్చిన గాజు పెంకులకు ముందు కాలు చీరుకుపోయింది. దాన్ని స్కర్టులో చుట్టుకుని అక్కడే కూర్చున్నాను.

ఇంట్లో పిల్లీ లేదు, పిల్లా లేదని తెలిసి అమ్మ కంపెనీ కోటుతోనే వచ్చేసింది. ఎక్కడ వెతకాలో తనకు తెలుసు. మమ్మల్ని చూడగానే గేటు ముందే చతికిలబడింది.

"మీ ఇద్దరికీ ఇల్లు యాడుందో తెలీదా పాపా? నడిసేదానికి నా కాళ్ళల్లో సత్తువ లేదు" అంది. కోపం కూడా లేదు ఆ గొంతులో... అలసిపోయింది, అంతే.

మర్నాడు పొద్దున సెలవు పెట్టి పశువుల ఆసుపత్రికి పోయాం. వరుసలో మేకలు, కోళ్ళు, ఒక దూడ... మధ్యలో మా వైరు బుట్ట. "పిల్లికి కూడానా ఊసి?" అని ఎవరో నవ్వారు, సూదిమందును అక్కడ అలాగే అంటారు. అమ్మ తల ఎత్తలేదు.

డాక్టరు గాయం కడిగి కుట్లు వేశాడు. కాలు మళ్ళీ నేలకు ఆన్చుతుందో లేదో చూడాలన్నాడు. పాదం తడిమి "ఎన్నమ్మా ఇదు... ఎణ్ణెయా?" అన్నాడు అరవంలో, ఇదేంటమ్మా నూనెనా అని. నూనె సంగతి అమ్మ చెప్పలేక చెప్పింది. ఆయన నవ్వలేదు. ఇంటి పిల్లా, వీధి పిల్లా అని మాత్రం అడిగాడు.

"ఇంటి పిల్లే సార్... ఇల్లే ఒకసోట నిలస్తా లేదు" అంది అమ్మ.

ఊసి వేసి, నూనె ఇక వద్దన్నాడు. తిండి పెట్టే మనిషి కళ్ళెదుట ఉంటే చాలు, పిల్లి అదే ఇల్లనుకుంటుందన్నాడు. ఇంటికి రాగానే "నెయ్యి అని సెప్తిని గదా!" అంది అవ్వ.

కాలు బాగైంది. కొంచెం కుంటేది, అంతే.

ఏడాది తిరక్కుండానే మళ్ళీ మారాం. ఈసారి అమ్మ నిజంగానే నెయ్యి కొంది. మిక్చరుకు రాయలేదు, డాక్టరు వద్దన్నాడు కదా. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా అరికాళ్ళకు రాసింది. రాస్తూ రాస్తూనే, నా పాదం చేతిలో పట్టుకునే నిద్రపోయింది.

ఇప్పుడు ఫోన్లో బుక్ చేస్తే ప్యాకర్లే వచ్చి అన్నీ సర్దిపెడతారు. మొన్న మారాం... అమ్మ పోయాక ఇది రెండో ఇల్లు. ఆఫీసు నుంచి వస్తూ నిన్న కూడా పాత వీధిలోకే తిరిగాను. వంటింట్లో నెయ్యి సీసా నిండా ఉంది... రాసే చెయ్యే లేదు.

మీ ఇళ్ళలో ఇల్లు మారితే పెద్దవాళ్ళు ఏం చేసేవాళ్ళు? పాత ఇంటికే నడిచిపోయిన వాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా... చెప్పండి.