గడీ మేడ మీద అవ్వ

కరీంనగర్‌లో పెళ్లి చూసుకుని కారులో మందమర్రికి తిరిగి వస్తున్నాం. నేను నడుపుతున్నాను. పక్క సీట్లో అవ్వ, మా అమ్మ. సుల్తానాబాద్ దగ్గర పడుతుండగా నా మోచెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, మా ఊరి దొరల గడిల రూములు కిరాయికిస్తుండ్రట. ఇయ్యాల ఆడ్నే పందాం."

తన పెళ్లికి ముందు అవ్వ ఆ గడీ పొలాల్లో నాట్లు వేసేది. తర్వాత బాపు బొగ్గుబాయి పని వల్ల మందమర్రి చేరింది. ఏళ్లకేళ్లు ఆ పొలాల్లో వంగిన మనిషి, కోటలాంటి ఆ గడీ దర్వాజా మాత్రం ఒక్కసారీ దాటలేదు. నేను కారు అటు తిప్పాను.

దొరల కోడలు ఎదురొచ్చింది. నా ఈడుదే.

"మెట్లు ఎక్కుడు కష్టమైతది పెద్దమ్మా, కింది అర్రల ఉండుండ్రి."

"నాకు పైదే గావాలె. పెద్దదొర కుర్సేసుకొని మా నాట్లు జూసెటోడు, గా అర్ర."

ఆమె ముఖం చిన్నబోయింది. "మా పొలంల పని చేసిండ్రా మీరు?"

"చేసిన. నువ్వు పరేషాన్ గాకు బిడ్డా, అప్పటికి నువ్వు పుట్టనే లే. తాళం తియ్యి."

పొద్దుగూకగానే ఆమే జొన్నరొట్టెలు, పచ్చిపులుసు తెచ్చి మాతో కూర్చుని తింది. అవ్వ టేకు మంచం నడుమ కాళ్లు చాపి, నేను లైటు ఆర్పకముందే నిద్రపోయింది. కొత్త చోటని దొర్లింది నేనే.

తెల్లారి వరండాలోకి వస్తే ఎదురుగా మడి నిండా నాటు వేస్తున్న ఆడవాళ్లు. అవ్వ కటకటాలు పట్టుకుని కేకేసింది.

"ఓ చెల్లె! అందరు పైకి రాండ్రి, చాయ్ తాగుదాం!"

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "కాళ్లకు బురదున్నదవ్వా" అంది ఒకామె.

మాకు చాయ్ తెస్తున్న కోడలు మెట్ల మీదే ఆగిపోయింది.

"వీళ్లు నా సుట్టాలు. ఇంకింత చాయ్ పెట్టు బిడ్డా," అంది అవ్వ, అడుగుతున్నట్టు కాదు, సొంతింట్లో చెప్పినట్టు.

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత కిందికి దిగి, పెరటి దర్వాజా తనే తీసింది. "రాండ్రి. బురదైతే కడుక్కోవచ్చు."

వాళ్లు పైకొచ్చి వరండా పొడవునా నిలబడ్డారు. "మనమేసిన నాటు ఈడికెంచి ఎంత ముద్దుగున్నదే!" అని ఒకరికొకరు చూపించుకున్నారు. అందరిలోకీ పెద్దావిడను అవ్వ రెక్క పట్టి కుర్చీలో కూర్చోబెట్టింది. కోడలు నేల మీద చతికిలబడి కప్పులు నింపింది.

మేం బయలుదేరేసరికి ఎండ ముదిరింది. మళ్లీ ఎప్పుడొద్దామని అవ్వ అడిగింది. కోతలప్పుడు అన్నాను.

"గప్పుడు రెండు దినాలుందాం," అంది.