గీతలు దాచిన గోలీ మేస్త్రి

బండలు పరచడంలో గోలీ మేస్త్రిని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. గొప్పకు చెప్పడం కాదు. నలభై రెండేళ్ల పని: మూడు బడులు, ఒక పెద్దాసుపత్రి, రెండు సినిమా హాళ్లు. పని ముగిశాక నేల మీద గోలీ పెట్టేవాడు. అది దొర్లకుండా నిలబడితేనే కూలీలకు సెలవు. ఆ పేరు అలా వచ్చిందే. బండకూ బండకూ మధ్య గీత కనబడితే తలకొట్టేసినట్టుండేది ఆయనకు. ఇక సొంతింటి నేలైతే అద్దమే.

ఆ అద్దం మీదే, డెబ్బై మూడో ఏట, ఆయన కాళ్లు మొరాయించాయి. పార్కిన్సన్స్ అన్నారు డాక్టర్లు. వరండాలో బాగానే నడుస్తాడు. వంటింటి గడప దగ్గరికి రాగానే పాదాలకు మేకులు దిగేసినట్టు ఆగిపోతాడు. రెండుసార్లు పడ్డాడు కూడా.

"ఆదివారంలోగా నీ అంతట నువ్వు ఈ గడప దాటు నాన్నా. లేదంటే చక్రాల కుర్చీ తెచ్చేస్తా," అని కూతురు ఖరాఖండిగా చెప్పేసింది.

వ్యాయామం నేర్పే ఫిజియో అమ్మాయి తన గదిలో అడుగుకొకటి చొప్పున పసుపు టేపులు అతికించి, "ఎదురుగా గీత కనబడితే ఆగిన కాలు కదులుతుంది. ఒక్కో గీతా దాటుకుంటూ రండి తాతగారూ," అంది. చకచకా దాటాడు. తలుపు కూడా దాటేశాడు! అప్పుడు వెనక్కి చూసి, "మూడోది వంకరగా ఉందమ్మాయ్. నా పనిలో అయితే పీకించేవాణ్ణి," అన్నాడు.

"ముందు మీ నడుం నిలబెట్టండి. నా వంకర తర్వాత చూద్దాం. ఇంట్లో కూడా ఇలాగే గీతలు పెట్టించుకోండి."

తన నేల మీద గీతలా! మూడు రోజులు ససేమిరా అన్నాడు.

శనివారం పొద్దున మళ్లీ గడప దగ్గరే ఇరుక్కుపోయాడు. వంటింట్లోంచి భార్య, "ఇన్నాళ్లూ గీతలన్నీ దాచారు కదా! నాలుగు బయటికి తీస్తే కొంపేం మునగదు లెండి," అంది.

ఆయనకు నవ్వాగలేదు. ఎర్రరంగు పొడి అద్దిన దారాన్ని తల్లీకూతుళ్ల చేతికిచ్చి, తాను గోడకానుకుని పెత్తనం చేశాడు. "బిగించు! ఇంకా! ఆ, ఇప్పుడు కొట్టు!" దారం లాగి వదిలినప్పుడల్లా నేల మీద ఒక ఎర్రగీత పడింది; నాలుగు పడ్డాక ఆయన కాలు కదిపాడు.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదో అడుగు వంటింట్లో పడింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

"అయితే కుర్చీ వద్దా నాన్నా?" కూతురు కళ్లు తుడుచుకుంటూ అడిగింది.

"ఎందుకొద్దు? చక్రాల్లేనిది పట్రా. కూర్చుని మిగతా ఇల్లంతా గీయిస్తా."